పల్లె మనిషి చేతిలో సర్కారు తుపాకీ

సేద్యమో కూలో చేసుకుని బతికే సాధారణ మనుషులకు అవసరం పడ్డప్పుడు ఆయుధాలిచ్చి, కాపలాకో పోరుకో వాడుకోవడం రాజ్యాలకు చాలా పాత అలవాటు. ఇంగ్లండులో కౌంటీకొక మిలీషియా ఉండేది. తెలుగు జమీందారీల్లో కట్టుబడి బంట్రోతులు ఉండేవారు. గోదావరికి ఈవల సారపాక నుంచి వంతెన దాటి భద్రాచలం, చింతూరు మీదుగా కుంటకు, దోర్నపాల్‌కు సాగిపోయే జాతీయ రహదారి పొడవునా 2005 తర్వాత ఇదే పద్ధతి ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరుతో మళ్లీ కనిపించింది. జనం వాళ్లను ఎస్పీఓలన్నారు. వాళ్లలో దాడులకు ముందు నడిచిన వాళ్లకు కోయ కమాండోలన్న పేరు వచ్చింది.

వీళ్ల చరిత్రలో ఒక ధర్మ ప్రశ్న ఉంది. పోరాటం వృత్తి కాని మనిషి చేత ఆయుధం పట్టించే హక్కు రాజ్యానికి ఉందా? ఉంటే ఏ షరతుల మీద? పట్టిన మనిషికి ఆ తర్వాత రాజ్యం ఏం బాకీ పడుతుంది? చంపడం, చావడం అనే రెండు పనులను ఒక మనిషి నెత్తిన పెడుతున్నప్పుడు ఈ ప్రశ్నలను పోలీసు శాఖ పరిపాలనా విషయాలుగా చూసి వదిలేయడం కుదరదు.

భారతీయ రాజనీతి ఈ విషయాన్ని మొదట్లోనే చర్చించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం సైన్యాన్ని ఆరు రకాలుగా విడదీస్తుంది. వంశపారంపర్యంగా కొలిచే మౌలబలం, జీతానికి వచ్చే భృతబలం, వృత్తి సంఘాల నుంచి వచ్చే శ్రేణిబలం, మిత్రుల బలం, లొంగిపోయిన శత్రువుల బలం, చివరగా అటవీబలం. ఈ వరసలో ముందున్నది వెనకున్నదానికన్నా మేలు. సేద్యం, వర్తకం చేసుకుంటూనే ఆయుధం మీద కూడా బతికే సంఘాలను వార్తాశస్త్రోపజీవులని ఆ గ్రంథం వేరుగా గుర్తించింది. నేటి భాషలో వాళ్లు పార్ట్‌టైం సిపాయిలు. అడవి దళాల విషయంలో మాత్రం కౌటిల్యుడు నిర్మొహమాటంగా ఉంటాడు. వాళ్ల గురి కొల్లసొమ్ము మీదే ఉంటుందనీ, అది దొరకకపోతే చేరదీసిన రాజుకే ప్రమాదమనీ హెచ్చరిస్తాడు. వాళ్లకు జీతంగా అడవి సరుకో, దోపిడీలో వాటానో ఇవ్వవచ్చంటాడు. అడవి మనిషి రాజుకు ఎంతవరకు అక్కరకొస్తాడన్న లెక్క అక్కడ పూర్తిగా ఉంది. యుద్ధం ముగిశాక ఆ మనిషి గూడేనికి ఎలా తిరిగి వెళ్తాడు, అక్కడ అతణ్ణి ఎవరు రానిస్తారు అన్న ఆలోచన లేదు. అర్థశాస్త్రంలో ఈ లోటు చిన్నది కాదు. ఆ తర్వాత రెండు వేల ఏళ్ల ఆచరణలోనూ అదే లోటు కొనసాగింది.

ఆ కాలానికే చెందిన మరో మాట ఇక్కడ పనికొస్తుంది. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు, పక్కనే యుద్ధం జరుగుతున్నా ఈ దేశంలో రైతులు నిర్భయంగా దున్నుకుంటారని రాశాడు. అన్నిచోట్లా అలాగే జరిగిందని నమ్మనక్కరలేదు గానీ, ఆదర్శం మాత్రం స్పష్టంగా ఉంది. పోరాడేవాడు వేరు, దున్నేవాడు వేరు. మొదటివాడి మీద కత్తి ఎత్తవచ్చు, రెండోవాడి మీద ఎత్తకూడదు. రైతుకు ఆయుధమిచ్చిన క్షణంలో ఆ గీత చెరిగిపోతుంది. అతను ఎవరినైనా కొడతాడా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందుగా అతని పొలం, ఇల్లు, ఇంట్లోవాళ్లు అవతలివాడి గురిలోకి వస్తారు.

తెలుగులో ఈ విషయం మీద మాట్లాడిన రాజు శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో అడవి జనాన్ని ఎలా కలుపుకోవాలో ఆయన చెప్పాడు. వాళ్ల మీద కోపగిస్తే పూర్తిగా రూపుమాపడం సాధ్యం కాదు, దయతో, మాట నిలుపుకోవడంతో దగ్గర చేసుకుంటే వాళ్లే శత్రువు భూమి మీద దాడికి ఉపయోగపడతారు అన్నది సారాంశం. కౌటిల్యుడికన్నా ఈ మాటలో మానవత్వం ఎక్కువ. అడవి మనిషికి మాట పట్టింపు ఉందనీ, చిన్న అన్యాయం కూడా అతనికి గుచ్చుకుంటుందనీ రాయలు గుర్తించాడు. అయినా ఆ దయకు చివరి గమ్యం రాజు అవసరమే.

ఆంగ్లేయుల కాలానికి ముందు తెలుగు జిల్లాల్లో ఈ ఏర్పాటు భూమితో ముడిపడి ఉండేది. కట్టుబడి బంట్రోతుకు తక్కువ శిస్తు మీద కొంత నేల ఉండేది. దానికి బదులుగా అతను జమీందారు పిలిచినప్పుడు ఈటెతోనో కత్తితోనో రావాలి, మిగతా రోజుల్లో ఆ నేలే దున్నుకుని బతకాలి. రంప, గూడెం కొండల్లో ముఠాదారులు తమ ముఠాలో, అంటే కొన్ని ఊళ్ల సముదాయంలో, శాంతి కాపాడతామన్న షరతు మీద ఊళ్లను ఏలుకునేవారు. ఆ కాపలా బాధ్యతకు, నేల మీది హక్కుకు ఉన్న ముడిని కంపెనీ ప్రభుత్వం, ఆ తర్వాత రాణీ ప్రభుత్వం క్రమంగా తెంచేశాయి. 1879 రంప తిరుగుబాటుకు కల్లు పన్ను, రంపను ఏలే మన్సబుదారు దౌర్జన్యం ముఖ్య కారణాలే అయినా, అందులో ముందు నడిచినవాళ్లు చాలామంది ముఠాదారులే కావడం గమనించదగ్గది. అదే ఏడాది ఆ మంట భద్రాచలం పక్కనున్న రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీద పెరిగిన పన్ను కారణం. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి ఆంగ్లేయులకు పోయి, 1874లో గోదావరి జిల్లాలో కలిసింది. సారపాక ఉన్న ఈవలి ఒడ్డు నిజాం రాజ్యంలోనే మిగిలింది. అలా దాదాపు 90 ఏళ్లు గోదావరి రెండు ప్రభుత్వాల సరిహద్దు అయింది.

ఈవలి ఒడ్డున 1947-48లో సాయుధ పౌరుల దళాలు రెండు వైపులా లేచాయి. కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డారు. మరోవైపు కమ్యూనిస్టులు ఊరూరా గ్రామ దళాలను, వాటికి పైన గెరిల్లా దళాలను కట్టారు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం గ్రామ దళాల్లో 10 వేల మంది, గెరిల్లా దళాల్లో 2 వేల మంది ఉన్నారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఆ పోరు గోదావరి అడవుల్లోకి జరిగింది. దాన్ని అణచడానికి కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తోలారు. అరవై ఏళ్లు తిరగకముందే అదే అడవికి తూర్పు కొసన అలాంటి శిబిరాలే మళ్లీ వెలిశాయి.

వాటి సంగతికి వచ్చే ముందు ఇంగ్లండు మిలీషియాను ఒకసారి చూడటం అవసరం. పార్ట్‌టైం సిపాయి మీద ధర్మ చర్చ చట్టసభలోనే జరిగిన సందర్భం అది. 1757 మిలీషియా చట్టం ప్రతి కౌంటీ ఇన్ని వందల మందిని పంపాలని నిర్ణయించింది. పారిష్ జాబితాల్లో 18 నుంచి 50 ఏళ్ల మగవాళ్ల పేర్లు రాసి చీటీలు తీసేవారు. చీటీ తగిలినవాడు మూడేళ్లు సేవ చేయాలి, లేదా బదులు మనిషిని పెట్టాలి, లేదా 10 పౌన్లు చెల్లించాలి. డబ్బున్నవాడు తప్పించుకుంటాడని, పేదవాడే బలవుతాడని అందరికీ అర్థమైంది. యార్క్‌షైరు, లింకన్‌షైరుల్లో జనం తిరగబడి పేర్ల జాబితాలను లాక్కున్నారు. అంతకు ముందే ఇంకో గొడవ నడిచింది. కవాతు ఆదివారం పెడితే కూలి రోజు పోదని తొలి ముసాయిదాలో ప్రతిపాదించారు. దేవుడి రోజున ఆయుధ శిక్షణేమిటని మత పెద్దలు అడ్డుపడటంతో దాన్ని వదులుకున్నారు. క్వేకర్లనే శాంతివాద క్రైస్తవుల అభ్యంతరం అంతకన్నా లోతైనది. ఏ రోజైనా సరే, ఏ రాజు కోసమైనా సరే, మనిషిని చంపే పనికి సిద్ధపడటమే పాపమని వాళ్ల విశ్వాసం. చట్టం వాళ్లను బలవంతంగా కవాతుకు లాగలేదు. వాళ్ల సామాను జప్తు చేసి, ఆ డబ్బుతో బదులు మనుషులను పెట్టింది. చాలామంది క్వేకర్లు ఆ నష్టాన్ని ఏటా ఓర్చుకున్నారు తప్ప జాబితాకు తలవంచలేదు.

ఆ ఏర్పాటులో అన్యాయం ఉన్నా రెండు మంచి గుణాలు ఉన్నాయి. ఒకటి, నియమం కాగితం మీదైనా అన్ని ఊళ్లకు వర్తించింది. రెండోది అంతకన్నా ముఖ్యం. కవాతు రోజులు ముగిశాక మనిషి ఇంటికి పోయేవాడు. అతని పొరుగువాడు అతనికి శత్రువయ్యేవాడు కాదు. మిలీషియాను సముద్రం దాటించకూడదన్న నిబంధన కూడా ఈ తిరుగు దారిని కాపాడటానికి పనికొచ్చింది. 1908లో మిలీషియాను ప్రత్యేక రిజర్వుగా మార్చేసేదాకా అది ఏదో ఒక రూపంలో నడిచింది.

ఇప్పుడు కుంట దారికి రావాలి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, అప్పటి దంతెవాడ జిల్లా కుట్రు దగ్గర, మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైంది. కాంగ్రెసు నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముందుండగా, రాష్ట్రంలోని బీజేపీ ప్రభుత్వం అండగా నిలిచింది. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. కుంట, ఇంజరం, ఎర్రబోరు, దోర్నపాల్ శిబిరాలు భద్రాచలం నుంచి పోయే దారి మీదా, ఆ చుట్టుపక్కలా వెలిసినవే. సుమారు 50 వేల మంది శిబిరాలు చేరారు. ఇంకా వేల మంది అటు పోలేక, ఇటు ఊళ్లో ఉండలేక రాష్ట్రం దాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. శిబిరాల్లోని యువకుల నుంచే ఎస్పీఓలను తీసుకున్నారు. ముందు 1861 పోలీసు చట్టం కింద, 2007 తర్వాత ఛత్తీస్‌గఢ్ పోలీసు చట్టం కింద ఈ నియామకాలు జరిగాయి.

ఆ నియామకం లోపల ఏముందో చూస్తేనే ప్రశ్న తీవ్రత తెలుస్తుంది. అయిదో తరగతి పాసైనవాళ్లకు ప్రాధాన్యం. నెలకు మొదట 1,500 రూపాయలు, పోను పోను 3,000 రూపాయల గౌరవ వేతనం. అందులో 80 శాతం కేంద్రం భరించేది. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలల్లో శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం వంటి చట్టాలన్నీ కలిపి గంట చొప్పున 24 పీరియడ్లు, మానవ హక్కులు, రాజ్యాంగం కలిపి 12 పీరియడ్లు. ఈ పాఠ్య ప్రణాళికను ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు సమర్పించింది. బడిలో అయిదేళ్లు కూర్చున్న కుర్రాడికి, ఇంట్లో కోయ, దోర్లి మాట్లాడే కుర్రాడికి, ఎప్పుడు కాల్చవచ్చు, ఎప్పుడు కాల్చకూడదు అన్న విచక్షణ ఆ కొద్ది గంటల్లో అబ్బాలి. ఆ విచక్షణ లోపిస్తే పోయేది ఎదుటివాడి ప్రాణం, లేదా అతని ప్రాణం. 2011 నాటికి ఇలాంటివాళ్లు 6,500 మంది ఉన్నారు. 173 మంది ప్రాణాలు కోల్పోయారని ప్రభుత్వం చెప్పింది. 2007 మార్చిలో రాణిబోడ్లి ఠాణా మీద మావోయిస్టులు దాడి చేసినప్పుడు చనిపోయిన 55 మందిలో ఎక్కువ మంది ఎస్పీఓలే. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద జరిగిన దాడిలో ముప్ఫై మందికి పైగా గిరిజనులు చనిపోయారు.

రెండో వైపు నుంచీ చూడాలి. 2011 మార్చిలో తాడ్మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గూడేల్లో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పని చేసింది కోయ కమాండోలతో కలిసి వెళ్లిన బలగాలేనని గూడెం జనం చెప్పారు. బాధితులకు సాయం తీసుకుని బయల్దేరిన ఆర్యసమాజ సన్యాసి స్వామి అగ్నివేశ్‌ను దోర్నపాల్‌లో అడ్డుకుని దాడి చేశారు. ఆయన శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు. రాజ్యానికి, మావోయిస్టులకు మధ్య మాటలు కలపడానికి అంతకు ముందు ఏడాదే ప్రయత్నించిన మనిషి. కాషాయం కట్టినవాణ్ణి, చేతిలో ఆయుధం లేనివాణ్ణి కొట్టకూడదన్న పాత మర్యాద ఆ రోజు నిలవలేదు.

నందినీ సుందర్, రామచంద్ర గుహ, తెలుగువాడైన మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ 2007లో వేసిన పిటిషను మీద 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. తీర్పులోని తర్కం రెండు అధికరణాల మీద నిలిచింది. చదువు, శిక్షణ, జీతం, రక్షణ అన్నింటిలో తక్కువైన యువకులను పూర్తికాలపు పోలీసుతో సమానమైన ప్రమాదంలోకి నెట్టడం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధం. ఆ ప్రమాదాన్ని అంచనా వేయలేని స్థితిలో ఉన్నవాళ్ల చేత ఆ పని చేయించడం వాళ్ల జీవించే హక్కుకు, వాళ్ల ఎదుట పడే జనం జీవించే హక్కుకు, అంటే 21వ అధికరణానికి, విరుద్ధం. మావోయిస్టుల చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు కాబట్టి ఈ యువకులకు పోరాడే పట్టుదల ఉంటుందని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఆ వాదనను తిప్పికొట్టింది. పగ రగిలే మనసుకు తుపాకీ ఇవ్వకూడదు, పగనే అర్హతగా ఎంచడం రాజ్యం చేయదగ్గ పని కాదు అన్నది దాని భావం. ధర్మశాస్త్రం తెలిసినవారెవరైనా ఇది కొత్త మాట కాదని ఒప్పుకుంటారు. దండం రాజు చేతిలో ఉండాల్సింది అది పగకు అతీతంగా పడాలనే.

ఇక్కడ భగవద్గీతను అడ్డుగా చూపేవారున్నారు. అయినవాళ్ల మీద బాణం వేయలేనన్న అర్జునుణ్ణి కృష్ణుడు యుద్ధానికి ఒప్పించలేదా, కోయ యువకుడు కోయ యువకుడి మీద తుపాకీ ఎత్తితే తప్పేమిటి అని వారి ప్రశ్న. ఆ పోలిక నిలవదు. అర్జునుడు చిన్ననాటి నుంచి ద్రోణుడి దగ్గర విలువిద్య నేర్చినవాడు, రాజ్యంలో భాగం కోరినవాడు, యుద్ధం ఎందుకో తెలిసినవాడు. స్వధర్మమన్న మాట అతనికి వర్తించింది అందుకే. పైగా పద్దెనిమిది అధ్యాయాలు విన్నాక, ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమని కృష్ణుడు నిర్ణయాన్ని అతనికే వదిలాడు. అదే మహాభారతంలో బలరాముడు ఏ పక్షానా చేరక తీర్థయాత్రకు పోయాడు, అతణ్ణి ఎవరూ ద్రోహి అనలేదు. కుంట శిబిరంలోని యువకుడికి ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. ఊరు కాలిపోయి, రేషను శిబిరంలోనే దొరుకుతూ, నెల జీతమొచ్చే పని అదొక్కటే అయినప్పుడు అతను పెట్టిన సంతకాన్ని సమ్మతి అనడానికి చాలా సంకోచించాలి.

గణతంత్రంలో పుట్టుకతో వచ్చే క్షత్రియ ధర్మం లేదు. రాజ్యాంగం 51ఏ అధికరణం పిలుపు వచ్చినప్పుడు దేశ రక్షణకు ముందుకు రావడం పౌరులందరి విధి అంటుంది. 23వ అధికరణం ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవను అనుమతిస్తూనే, అందులో మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదంటుంది. ఈ రెండూ కలిపి చదివితే పౌర సైనికుడి ధర్మం తేటపడుతుంది. భారం అందరిదీ కావాలి. బస్తర్‌లో ఆ భారం దాదాపు పూర్తిగా ఆదివాసీ యువకుల మీదే పడింది. రాయపూర్ నుంచో, హైదరాబాదు నుంచో చదువుకున్న ఇంటి పిల్లలను అయిదో తరగతి అర్హత మీద, రెండు నెలల శిక్షణతో ఆ అడవిలోకి ఎవరూ పంపలేదు, పంపమని అడగనూ లేదు.

ఇదే కొలత మావోయిస్టులకూ వర్తించాలి. వాళ్ల గ్రామ మిలీషియా కూడా పగలు పొలం, రాత్రి కాపలా అన్న పద్ధతి మీదే నడిచింది. ఇన్ఫార్మరన్న అనుమానంతో ప్రజా కోర్టు పెట్టి పొరుగువాణ్ణి చంపిన గూడెంలో, ఆ తీర్పుకు చేతులెత్తిన యువకుడు కూడా తిరిగి మామూలు రైతు కాలేకపోయాడు. ప్రజల పేరు పెట్టుకున్నంత మాత్రాన దున్నేవాడికి, పోరాడేవాడికి మధ్య గీత చెరిపేసే హక్కు రాదు. ఆత్మరక్షణ కోసం ఊరు ఊరంతా ఆయుధం పట్టడం వేరు. రెండేళ్లకోసారి మేడారంలో కోయలు కొలిచే సమ్మక్క, సారలమ్మలు కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన కథలో ఉన్నది అలాంటి పోరే. బయటినుంచి వచ్చిన దండుకు, సొంత నేల మీద, సొంత నిర్ణయంతో ఎదురు నిలవడం. పక్క గూడెం మీదికి పొమ్మని వేరెవరో ఇచ్చిన ఆజ్ఞ అందులో లేదు.

ఆయుధం పట్టడం కన్నా దించడం కష్టమని తీర్పులోనే కనిపిస్తుంది. ఎస్పీఓలను మావోయిస్టుల మీద పోరుకు వాడటం ఆపాలని, ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోవాలని, సల్వా జుడుం, కోయ కమాండోలు వంటి గుంపులేవీ పని చేయకుండా చూడాలని కోర్టు ఆదేశించింది. దానితోపాటు ఎస్పీఓలుగా పనిచేసినవాళ్ల ప్రాణాలకు రక్షణ కల్పించమని కూడా చెప్పాల్సి వచ్చింది. తుపాకీ ఇచ్చేసి ఊరికి పోతే అక్కడ అతని కోసం కాచుకుని ఉండేవాళ్లు ఉన్నారు. తుపాకీ దగ్గర ఉంచుకుంటే చట్టం ఒప్పుకోదు. ఇంగ్లండు మిలీషియా మనిషికి ఉన్న తిరుగు దారి ఇతనికి నియామకం రోజునే తెగిపోయింది. మనిషిని సగం కాలానికి పిలిచి, అతని జీవితం మొత్తం తీసుకోవడం ఇందులోని అసలు అధర్మం. జీతం పెంచినా, శిక్షణ పొడిగించినా ఆ అప్పు తీరదు.

తీర్పు వచ్చిన కొద్ది వారాలకే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ముందు ఆర్డినెన్సుతో, తర్వాత చట్టంతో సహాయక సాయుధ పోలీసు దళాన్ని ఏర్పాటు చేసి, అర్హత ఉన్న పాత ఎస్పీఓలను అందులోకి తీసుకుంది. జిల్లా రిజర్వు గార్డులో స్థానిక యువకులతో పాటు లొంగిపోయిన మావోయిస్టులు కూడా చేరారు. వాళ్లకు ఉద్యోగ భద్రత, మెరుగైన జీతం వచ్చాయి. ఇది చిన్న మేలేమీ కాదు. సొంత మనుషుల మీదికి సొంత మనుషులను పంపే పద్ధతి మాత్రం మారలేదు. మహేంద్ర కర్మను 2013 మే 25న దర్భా లోయలో మావోయిస్టులు చంపారు. 2025 మేలో సుప్రీంకోర్టు, చట్టసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని చెప్పి ఆ పాత పిటిషన్లను ముగించింది. అదే ఏడాది జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు 2011 తీర్పు మళ్లీ రాజకీయ వాదనకు వస్తువైంది. దాన్ని మెచ్చినవారు, తప్పుపట్టినవారు ఎక్కువగా మావోయిస్టుల బలం పెరిగిందా తగ్గిందా అన్న లెక్క మీదే మాట్లాడారు. ఎస్పీఓ కూడా ఒక పౌరుడన్న విషయం, తీర్పు నిలబడిందే దాని మీద అయినా, వాదనలో అంతగా వినిపించలేదు.

తెలుగు రాష్ట్రాల్లో నేటికీ ఉన్న పౌర సహాయ దళం హోంగార్డులు. 1946లో బొంబాయిలో మొదలైన ఈ సేవ మిగతా రాష్ట్రాలకు పాకింది. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి, గోదావరి వరదలకు వాళ్లను చూడవచ్చు. వాళ్ల పని రద్దీ అదుపు, వాహనాల నియంత్రణ, వరద సాయం. 2011 తీర్పు ఎస్పీఓలకు మిగిల్చిన పనులు కూడా దాదాపు ఇవే. హోంగార్డు భత్యం నెలకు లెక్కిస్తే పోలీసు కానిస్టేబుల్ కనీస వేతనానికి తగ్గకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. డ్యూటీ ముగిశాక హోంగార్డు తన వీధికి, తన ఇంటికి తిరిగి వస్తాడు.

గోదావరికి ఇటూ అటూ అడవి అంచుల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి అలా దాటి వచ్చిన గుత్తికోయల గుడిసెలు ఇప్పటికీ ఉన్నాయి. వెదురు తడికలు, పైన గడ్డి, చుట్టూ కొద్దిపాటి పోడు. చుట్టుపక్కల ఊళ్ల మిరప తోటల్లో కాయ కోతకు ఎక్కువగా వచ్చేది వీళ్లే. అటవీ శాఖ దృష్టిలో ఆక్రమణదారులు, ఎస్టీ ధ్రువపత్రం అందక పథకాలకు దూరంగా ఉన్నవారు. వీళ్లలో చాలా కుటుంబాలు ఎస్పీఓ కావడానికీ, మావోయిస్టు దళంలో చేరడానికీ ఒప్పుకోక నడిచి వచ్చినవే. క్వేకర్లు సామాను జప్తుకు ఇచ్చి తమ విశ్వాసం నిలుపుకుంటే, వీళ్లు ఊరిని, నేలను, ఆ నేల మీది వేల్పులను వదులుకుని రెండు వైపుల తుపాకీకీ దూరం జరిగారు. ఆయుధం పట్టనన్నవాడికి రాజ్యం ఏం చేయాలన్న ప్రశ్న ఇంగ్లండు చట్టసభలో 1757లోనే చర్చకు వచ్చింది. ఇక్కడ అది ఇంకా ఏ చట్టంలోకీ ఎక్కలేదు.